భూకంప చరిత్రకు తొలినాటి వార్తాపత్రికలు : సాక్ష్య విమర్శ

దేశచరిత్ర వ్రాయువారు శాసనములను, కైఫీయతులను, యాత్రికుల వ్రాతలను వెదకుట మన మెఱిగినదే. భూమి కంపించిన చరిత్ర వ్రాయువారికిని అట్టి వెదకులాట తప్పదు. భూకంపములను గుర్తించి గీతలుగా వ్రాయు యంత్రములు పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున గాని ప్రపంచమున వ్యాపింపలేదు. అంతకు మున్ను ఎప్పుడు, ఎక్కడ, ఎంత బలముగా భూమి కదలినదో తెలిసికొనుటకు మనుష్యుని మాటయే ముఖ్యాధారము. ఒకచోట పెద్ద భూకంపము వచ్చిన పిమ్మట అచ్చటనే మఱియొకటి వచ్చుటకు వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది యేండ్లు పట్టవచ్చును. కావున యంత్రములు చూచిన కాలము ఈ విషయమున చాల స్వల్పము. దాని వెనుకటి కాలమును గూర్చి చెప్పగల సాక్షులలో తొలినాటి వార్తాపత్రిక యొకటి. ఆ సాక్షి మాటను ఎంతవఱకు నమ్మవచ్చును? దానిని ఎట్లు ప్రశ్నింపవలెను? ఈ రెండు విషయములను పరిశీలించుటయే మా ఉద్దేశము.

మన ప్రాచీనులు భూకంపమును గమనింపకపోలేదు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు భూకంప లక్షణమునకు ఒక ప్రత్యేకాధ్యాయమునే కేటాయించెను. వాయువు, అగ్ని, ఇంద్రుడు, వరుణుడు అను దేవతలనుబట్టి కంపములను నాలుగు విధములుగా విభజించి వాని ఫలములను వివరించెను. అయితే ఉత్పాతశాస్త్రమునకు కావలసినది ఫలము. చరిత్రకు కావలసినది దినము, వేళ, స్థలము. ఈ మూడింటిని ఒక్కచో చేర్చి, తేదీ వేసి, ప్రతులు తీసి పలుచోట్లకు పంపిన మొదటి సాధనము వార్తాపత్రికయే. మన దేశమున ఆ సాధనము 1780 జనవరి 29 నాడు కలకత్తాలో హికీ ప్రకటించిన బెంగాల్ గెజెటుతో ఆరంభమైనది. 1785లో మద్రాసు కొరియరు, 1818లో శ్రీరామపురమునుండి బంగాళీ భాషలో సమాచార్ దర్పణ్ వెలువడినవి. తొలి తెలుగు పత్రికయని పలువురు పేర్కొను సత్యదూత 1835లో బళ్ళారినుండియు, వర్తమాన తరంగిణి 1842లో మద్రాసునుండియు బయలుదేరినవి.

పత్రికలోని మాటనుండి శాస్త్రజ్ఞుడు ఏమి గ్రహించునో ముందు చెప్పవలసియున్నది. భూకంపము భూగర్భమున విడుదలచేసిన శక్తికి కొలత 'పరిమాణము'. అది ఒక భూకంపమునకు ఒక్కటే. ఒక్కొక్క ఊరిలో ఆ కంపము చూపిన బలమునకు కొలత 'తీవ్రత'. అది ఊరూరికి మాఱును. వ్రేలాడు దీపము ఊగినదా, నిద్రించువారు మేల్కొనిరా, గోడ గచ్చు రాలినదా, గోడయే కూలినదా అను వాక్యములనుబట్టి తీవ్రతకు అంకె వేయుదురు. అట్టి అంకెలను దేశపటముపై గుర్తించి, వాని విస్తారమునుబట్టి కేంద్రమును, పరిమాణమును ఊహింతురు. అనగా విలేఖరి వాడిన ఒక క్రియాపదము తుదకు శాస్త్రజ్ఞుని పట్టికలో ఒక అంకెగా మాఱుచున్నది. పదమును తప్పుగా చదివినచో అంకె తప్పును. అంకె తప్పినచో దానిపై ఆధారపడిన కట్టడముల నియమములును తప్పును. కావుననే ఇది భూవిజ్ఞానులకు మాత్రమే విడిచిపెట్టదగిన విషయము కాదు.

1737 నాటి కలకత్తా వృత్తాంతము

పత్రిక మాటను విమర్శింపక స్వీకరించినచో కలుగు ప్రమాదమునకు 1737 నాటి కలకత్తా వృత్తాంతమును మించిన నిదర్శనము లేదు. ఆ సంవత్సరము పాత ఆంగ్ల గణనమున సెప్టెంబరు 30వ తేదీ రాత్రి, అనగా నేటి గణనమున అక్టోబరు 11వ తేదీ రాత్రి, గంగాముఖమున గొప్ప ఉపద్రవము సంభవించినది. అప్పటికి కలకత్తాలో వార్తాపత్రిక లేదు. వార్త ఓడలమీద నెలలకొలది ప్రయాణముచేసి లండను చేరినది. అచ్చటి జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ అను మాసపత్రిక దానిని ప్రకటించెను. ప్రచండవాయువుతోపాటు అదే సమయమున ఘోరమైన భూకంపము వచ్చినదనియు, ఇరువదివేల నావలు, పడవలు నాశమైనవనియు, మూడులక్షల ప్రాణములు పోయినవనియు, ఆంగ్లేయుల దేవాలయ శిఖరము విఱుగకయే భూమిలోనికి క్రుంగినదనియు ఆ వృత్తాంతము తెలిపినది.

ఈ వార్త పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకినది. భారతదేశ భూకంపములను మొదట క్రమముగా జాబితా చేసిన టామస్ ఓల్డ్‌హామ్ గ్రంథము 1883లో ప్రకటితమైనది. దానియందును ఇది చేరినది. ఆ తరువాత ప్రపంచమున అత్యధిక ప్రాణనష్టము కలిగించిన భూకంపముల పట్టికలలో 1737 నాటి కలకత్తా మూడులక్షల మృతులతో ఒక స్థానమును సంపాదించుకొని, చిరకాలము అందే నిలిచినది.

1994లో రోజర్ బిల్హామ్ ఈ వృత్తాంతమును మూలాధారములతో సరిచూచెను. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అధికారపూర్వకముగా పంపిన నివేదికలో తుపాను, వరద, నగరమున సుమారు మూడువేల మరణములు కలవు. భూకంపము మాత్రము లేదు. మూడులక్షల సంఖ్య వర్తక నౌకల వారి అంచనాలనుండి వచ్చినది. ఆనాటి కలకత్తా జనసంఖ్య ఆ సంఖ్యకు దరిదాపులనైన లేదు. కావున ఆ రాత్రి జరిగినది తుపాను, ఉప్పెన. భూకంపము జరిగినదనుటకు తగిన ఆధారము లేదని ఆయన తేల్చెను.

ఈ పొరపాటు ఎట్లు కలిగినదో తెలుగు తీరమువారికి విప్పి చెప్పనక్కఱలేదు. 1864 నవంబరు 1 నాడు బందరును ముంచిన ఉప్పెనను, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎఱిగినవారికి గాలి హోరు, నీటి తాకిడి, చీకటిలో గోడలు కూలు చప్పుడు ఒక్కటై నేలయే కదలినట్లు తోచుట సహజమని తెలియును. మెత్తని ఒండ్రునేల నీట నానినచో బరువైన కట్టడము క్రుంగుటయు అసంభవము కాదు. ఓడలోని సాక్షి అబద్ధమాడి యుండనక్కఱలేదు. అతడు తన అనుభవమునకు ఒక పేరు పెట్టెను, ఆ పేరు తప్పినది. దానిని లండను పత్రిక అచ్చువేసినది; అచ్చుపడినదానిని తరువాతివారు విచారింపక ఎత్తి వ్రాసికొనిరి. పత్రిక చేసిన తప్పుకంటె ఎత్తివ్రాసినవారి తప్పు పెద్దది. ఏలయన పత్రికాధిపతికి సరిచూచు సాధనము లేకుండెను; తరువాతివారికి కంపెనీ కాగితములు ఉండెను.

దీనినిబట్టి మొదటి సూత్రము ఏర్పడుచున్నది. వార్త అచ్చైన స్థలము వేఱు, సంగతి జరిగిన స్థలము వేఱు అయినపుడు, నడుమనున్న చేతులను లెక్కింపవలెను. ఒకే మూలమునుండి పుట్టిన పది ప్రతులు పదిమంది సాక్షులు కారు. వ్రాతప్రతుల పరిష్కరణమున మనము శాఖలను గుర్తించి, ఏ ప్రతి దేనికి పుత్రికయో నిర్ణయింతుము గదా! పత్రికావార్తలకును ఆ పద్ధతియే వర్తించును.

1833 నాటి నేపాళ భూకంపము

వార్తాపత్రిక ఎంతటి ఉపకారము చేయగలదో 1833 ఆగస్టు 26 నాటి నేపాళ భూకంపము చూపుచున్నది. ఆనాటికి కలకత్తాలో పెక్కు పత్రికలు ఉండెను. గంగాతీరపు పట్టణములందు వానికి ఉత్తరములు వ్రాయు ఉద్యోగులు, వర్తకులు ఉండిరి. కాఠ్మండూలోని ఆంగ్ల రెసిడెన్సీ వైద్యుడు ఆర్చిబాల్డ్ క్యాంబెల్ తాను చూచినదానిని వ్రాసి పంపగా, అది అదే సంవత్సరము బంగాళపు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటితమైనది. దానివలన ఒక విశేషము తెలియుచున్నది. ఆ దినము సాయంకాలము ఒక కుదుపు, రాత్రి పదునొకండు గంటల ప్రాంతమున ఇంకొక కుదుపు రాగా జనులు భయపడి ఇండ్లు విడిచి బయట చేరిరి. ఆ పిమ్మట కొలది నిమిషములకే ప్రధాన కంపము వచ్చి ఇండ్లను కూల్చినది. అంత పెద్ద భూకంపమునకు మృతులు అయిదువందల లోపుగా నుండుటకు కారణ మిదియే. కేవలము మృతుల సంఖ్యనుబట్టి భూకంప బలమును నిర్ణయింపబూనినవారికి ఇది గొప్ప హెచ్చరిక.

ఈ వృత్తాంతములన్నిటిని కూర్చి 1995లో బిల్హామ్ ఆ భూకంపకేంద్రము కాఠ్మండూకు ఉత్తరముననో, ఈశాన్యముననో ఉండెననియు, పరిమాణము సుమారు 7.7 అనియు నిర్ణయించెను. ఇది ఇరువది సంవత్సరముల తరువాత కేవల పాండిత్య విషయముగా మిగులలేదు. 2015 ఏప్రిల్ 25 నాడు 7.8 పరిమాణము గల భూకంపము కాఠ్మండూ లోయను కుదిపి సుమారు తొమ్మిదివేల ప్రాణములను హరించినపుడు, శాస్త్రజ్ఞులు దానితో పోల్చి చూచిన పూర్వ భూకంపములలో ముఖ్యమైనది 1833 నాటిది. నూట ఎనుబది యేండ్లనాటి ఉత్తరములు, పత్రికలు లేకున్నచో ఆ పోలికకు ఆధారమే ఉండెడిది కాదు.

ఇచ్చట సాక్ష్యము ఏల ఫలించినది? సాక్షులు పలువురు, వారు వేఱువేఱు ఊళ్ళలోనివారు, ఒకరి వ్రాతను ఒకరు చూడకయే వ్రాసినవారు. వారు చెప్పినది తమ భయమును కాదు, తమ కంటబడిన వస్తువులను. కూలిన ఇండ్లెన్ని, నిలిచినవెన్ని, కుదుపు ఏ వేళకు వచ్చినది అను అంశములు అందున్నవి. 1737 నాటి వృత్తాంతములో ఈ గుణములలో ఒక్కటియు లేదు.

న్యూ మాడ్రిడ్ : జనావాసము కల్పించు భ్రమ

సాక్షులు పలువురై, నిజాయితీపరులై యుండినను మొత్తము చిత్రము ఒకవైపునకు ఒరుగవచ్చునని అమెరికా సంయుక్త రాష్ట్రముల అనుభవము తెలుపుచున్నది. మిసిసిపీ నదీతీరమున న్యూ మాడ్రిడ్ అను చిన్న ఊరి పరిసరములందు 1811 డిసెంబరు 16, 1812 జనవరి 23, ఫిబ్రవరి 7 తేదీలలో మూడు మహాకంపములు వచ్చినవి. ఆ ఊరిలో వార్తాపత్రిక లేదు. సెంట్‌లూయీలోని లూసియానా గెజెటు చేరువ పత్రికలలో ఒకటి. నదిపై ప్రయాణించుచు కన్నులార చూచిన విలియం లీ పియర్సు అనునాతని ఉత్తరము 1812 ఫిబ్రవరిలో దూరముననున్న న్యూయార్కు పత్రికయందు అచ్చైనది. సాక్షి దగ్గఱనున్నాడు, పత్రిక దూరమున నున్నది. అచ్చైన చోటినిబట్టి గాక, ఉత్తరము వ్రాసిన చోటినిబట్టి దానిని పటముపై ఉంచవలెను.

ఆ కాలముననే శామ్యూల్ మిచిల్ అను పండితుడు పత్రికలలోని వృత్తాంతములను ఏర్చి కూర్చి ఒక గ్రంథము చేసెను. 1973లో ఆటో నట్లీ పత్రికావార్తలనుండి తీవ్రతలను నిర్ణయించి పటములు గీచెను. తరువాత కొందఱు ఈ భూకంపముల పరిమాణము ఎనిమిదికి మించెనని లెక్కకట్టిరి. 2000లో సూసన్ హఫ్ మున్నగువారు అవే వృత్తాంతములను మరల చదివి, పరిమాణములు సుమారు 7.0 మొదలు 7.5 వఱకే యుండునని వాదించిరి. కారణము గమనింపదగినది. ఆనాటి వలసవారు నదుల వెంబడి కాపురముండిరి. నదీతీరపు మెత్తని నేల గట్టినేలకంటె అధికముగా కదలును. పత్రికలకు ఉత్తరములు వచ్చినది ఆ ఊళ్ళనుండియే గాని కొండలనుండియు, అడవులనుండియు కాదు. ఇదిగాక, ఊరిలో తీవ్రముగా తోచిన ఒక్క సంగతిని ఊరంతటికి అన్వయించుట పాఠకులకు అలవాటు. పరిమాణమున ఒక అంకె హెచ్చినచో విడుదలయైన శక్తి సుమారు ముప్పదిరెండు రెట్లు హెచ్చును. కావున ఏడును ఎనిమిదియు ఇరుగుపొరుగు అంకెలని ఉపేక్షింపరాదు.

అదే భూకంపముల విషయమున బోస్టను నగరమున దేవాలయపు గంటలు వాటంతటవే మ్రోగినవని అనేక గ్రంథములు చెప్పుచు వచ్చినవి. ఆనాటి బోస్టను పత్రికలను పరిశీలించినవారికి అట్టి వార్త కానరాలేదు. గంటలు మ్రోగినట్లు సమకాలిక వృత్తాంతము కలది దక్షిణ కరోలీనాలోని చార్ల్‌స్టనునందు. కేంద్రమునకు చార్ల్‌స్టను సుమారు వేయి కిలోమీటర్ల దూరము. బోస్టను పదునేడువందలకు పైబడినది. ఒక ఊరి పేరు మఱొక ఊరి పేరుగా మాఱుటచేత కంపము వ్యాపించిన ప్రదేశము అంతగా పెరిగినది. ఇచ్చట తప్పును పుట్టించినవి తరువాతి గ్రంథములు. దానిని పట్టి యిచ్చినవి తొలినాటి పత్రికలు. కలకత్తా వృత్తాంతమున పత్రికను కాగితము సరిదిద్దినది. ఇచ్చట గ్రంథమును పత్రిక సరిదిద్దినది.

బోస్టను పత్రికల మౌనము ఇచ్చట సాక్ష్యముగా ఉపయోగపడినది. అయితే అన్ని మౌనములు సమానములు కావు. ఒక పట్టణమున క్రమముగా వెలువడుచు, ఇతర స్థానిక వార్తలను వేయుచున్న పత్రిక భూకంపమును గూర్చి ఆ వారము పలుకకున్నచో, అచ్చట కంపము లేకపోయెననియో, గుర్తింపరానంత స్వల్పమనియో భావింపవచ్చును. ఆ వారపు సంచికయే దొరకనిచో మౌనమునకు అర్థమే లేదు. కావున పరిశోధకుడు తాను చూచిన సంచికలతోపాటు తనకు దొరకని సంచికల జాబితాను సైతము ఇచ్చుట ధర్మము.

దినము, వేళ

భూకంప తరంగములు వేయి కిలోమీటర్లను కొలది నిమిషములలో దాటిపోవును. పత్రికలు చెప్పు వేళలో తేడా అంతకు మించి యుండుట తఱచు. 1906లో భారత ప్రామాణిక కాలము ఏర్పడుటకు పూర్వము ఊరూరికి సూర్యునిబట్టి ఒక కాలము. రైళ్ళకు మద్రాసు కాలము. కలకత్తాకు వేఱొక కాలము. మద్రాసు కాలమునకును కలకత్తా కాలమునకును తేడా సుమారు ముప్పదిమూడు నిమిషములు. ఏ గడియారముననుసరించి వ్రాసిరో తెలియక రెండు వార్తలను ప్రక్కప్రక్కన పెట్టినచో, ఒకే కంపము రెండుగా కనబడును; లేదా రెండు కంపములు ఒకటిగా కలిసిపోవును.

తెలుగు వ్రాతలందు ఈ చిక్కు ఇంకను గాఢము. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు. జాము యనగా మూడు గంటలు. 'రాత్రి మూడవ జామున' అని యున్నచో ఆ మాటలో మూడు గంటల వ్యవధి ఇమిడియున్నది. అంతకంటె ముఖ్యమైనది వారము. మన సంప్రదాయమున వారము సూర్యోదయముతో ఆరంభమగును. ఆంగ్లగణనమున అర్ధరాత్రితో ఆరంభమగును. అర్ధరాత్రికిని సూర్యోదయమునకును నడుమ వచ్చిన కంపమును తెలుగువాడు బుధవారము రాత్రి యనినచో, ఆంగ్లపత్రిక గురువారము ఉదయ మనును. ఇది ఊహ కాదు. 1993లో మరాఠవాడాలోని కిల్లారి భూకంపము వినాయక నిమజ్జనము జరిగిన రాత్రి, తెల్లవాఱుజామున నాలుగు గంటలకు కొంచెము ముందు వచ్చినది. మన పత్రికలకు అది సెప్టెంబరు 30, గురువారము. గ్రీన్విచ్ కాలము ననుసరించు ప్రపంచ పట్టికలకు సెప్టెంబరు 29. పంచాంగమునుబట్టి లెక్కించువానికి ఇంకను బుధవారమే. యంత్రములు గల కాలమునందే ఇట్లుండగా, 1840 ప్రాంతపు వ్రాతలను గూర్చి చెప్పనేల?

బంగాళాఖాతము, 1881

పత్రికాసాక్ష్యము ఇతర సాక్ష్యములతో కలిసినపుడు ఎట్టి బలము చేకూరునో చెప్పుటకు మన తీరమునకు సంబంధించిన ఉదాహరణము ఒకటి కలదు. 1881 డిసెంబరు 31 ఉదయము నికోబారు ద్వీపముల చెంత సముద్రగర్భమున పెద్ద భూకంపము వచ్చినది. ఆ కంపము మద్రాసు మొదలగు చోట్ల తెలిసినది. ఆర్.డి. ఓల్డ్‌హామ్ వృత్తాంతములను కూర్చి 1884లో భూగర్భ పరిశోధనశాఖ ప్రచురణమున వ్యాసము వ్రాసెను. అప్పటికే మన రేవులలో సముద్రపు పోటుపాటులను గీతలుగా వ్రాయు యంత్రములు అమర్పబడి యుండెను. నాగపట్టణము, మద్రాసు, విశాఖపట్టణము మున్నగు రేవులలోని యంత్రములు భూకంపమువలన పుట్టిన అలలను గుర్తించినవి. నాగపట్టణమున అల ఎత్తు సుమారు 0.8 మీటరు.

ఆ గీతలను పట్టుకొని 2003లో ఓర్టిజ్, బిల్హామ్ అను వారు ఆ భూకంప పరిమాణము సుమారు 7.9 అని లెక్కకట్టిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరు 26 నాడు అదే సముద్రగర్భపు పగులు దక్షిణమున సుమాత్రానుండి ఉత్తరమున అండమానుల వఱకు చీలి, 9.1 పరిమాణము గల భూకంపము పుట్టినది. దానివలన లేచిన సునామీ పలుదేశముల తీరములను ముంచి, మన ఆంధ్రతీరమున సైతము నూఱుమందికి పైగా బలిగొనినది. బంగాళాఖాతమున భూకంపము అలలను లేపి మన తీరమునకు పంపగలదను సత్యము నూట ఇరువది యేండ్లకు మున్నే కాగితముపై ఉన్నది. అది ప్రజల జ్ఞాపకమున మాత్రము లేకుండెను. 2004లో సముద్రము వెనుకకు పోయినపుడు పలుచోట్ల జనులు వింతగా చూచుచు నిలిచిరి. చరిత్ర గ్రంథాలయమునందే ఉండిపోయినచో దానివలన ఒడ్డున నిలిచినవానికి ప్రయోజనము లేదు.

తెలుగు పత్రికలు, మన కర్తవ్యము

దక్షిణాపథము గట్టి రాతినేల, ఇచ్చట భూకంపభయము లేదు అను నమ్మకము చిరకాలము వ్యాపించి యుండెను. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమును, అదే యేడు డిసెంబరు 11న కొయినాను, 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమును కంపములు కుదిపినవి. తుదకు 1993లో కిల్లారి పరిసరములందు బరువైన రాతిగోడల ఇండ్లు కూలి వేలాది జనులు నిద్రలోనే మరణించిరి. కొంత వెనుకకు పోయినచో 1843 ఏప్రిల్ 1 నాటి బళ్ళారి భూకంపము జాబితాలలో కనబడుచున్నది. సత్యదూత పుట్టిన ఊరు అదే బళ్ళారి. పీఠభూమి కదలనిది కాదు; కదలికల నడుమ వ్యవధి దీర్ఘము, మన జ్ఞాపకము హ్రస్వము. ఆ నడిమి లోటును పూరింపగలది వ్రాత యొక్కటియే.

2010లో స్టేసీ మార్టిన్, వాల్టర్ సెలీగా అను వారు 1636 మొదలు 2009 వఱకు భారతదేశమున తెలిసిన 570 భూకంపముల తీవ్రతా వివరములను ఒక పట్టికగా ప్రకటించిరి. అది మహత్తర కృషి. అట్టి కృషికి దేశభాషలలోని వ్రాతలు తోడు కావలెను. ఆంగ్లపత్రిక చూపు కంటోన్మెంటుపై, కచేరీపై, రేవుపై. దేశభాషాపత్రిక చూపు అగ్రహారముపై, సంతపై, పల్లెపై. ఆంగ్లపత్రిక మాత్రమే సాక్షిగా నిలిచినచో, మిసిసిపీ తీరమున నదివెంబడి ఊళ్ళు చేసిన పనిని ఇచ్చట కంటోన్మెంట్లు చేయును. కంపము దొరల బంగళాలకే పరిమితమైనట్లు కనబడును.

ఇందులకు తెలుగు పదముల విలువ కట్టగలవారు కావలెను. అదరుట, కదలుట, వణకుట, ఊగుట ఒకటి కావు. గోడ బీటవాఱుట వేఱు, పెళ్ళలు రాలుట వేఱు, కూలుట వేఱు. 'ఇండ్లు కూలినవి' అని యున్నపుడు అవి రాయలసీమ మట్టిమిద్దెలా, కోస్తా తాటాకు ఇండ్లా, పట్టణపు సున్నపు మేడలా అని విచారింపవలెను. వానకు నానిన మట్టిగోడ స్వల్పకంపమునకే పడవచ్చును; తాటాకు గుడిసె గొప్ప కంపమునకును నిలువవచ్చును. సంపాదకుడు తాను విన్నది చెప్పుచున్నాడా, ఆంగ్లపత్రికను తెనిగించుచున్నాడా అను సంగతిని వాక్యరచనయే తెలుపును. ఇవి భాషాశాస్త్ర విషయములు. భూకంపలేఖనులు తీర్పు చెప్పజాలని విషయములు.

వార్తతోపాటు పత్రిక భాష్యమును సైతము మోసికొని వచ్చును. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపమును గాంధీమహాత్ముడు అస్పృశ్యతా పాపమునకు దైవదండనమని భావింపగా, రవీంద్రనాథ ఠాకూరు ఆ భావమును ఖండించెను; ఆ ఖండనమును గాంధీజీ తన హరిజన పత్రికయందే ప్రకటించెను. భాష్యమును తొలగించి వార్తను గ్రహించుట శాస్త్రజ్ఞుని పని. భాష్యమును సైతము భద్రపఱచుట చరిత్రకారుని పని. ఏలయన ఆపదను జనులు ఎట్లు అర్థము చేసికొనిరో అదియు చరిత్రయే.

తెలుగు పత్రికలను చదువబూనిన పరిశోధకునకు మేము సూచింపదగినవి అయిదు ప్రశ్నలు. చూచినవా డెవడు, వ్రాసినవా డెవడు, ఎత్తి వ్రాసినవా డెవడు? దినము ఏ గణనమునుబట్టి, వేళ ఏ గడియారమునుబట్టి? సాక్షి నిలిచిన నేల ఎట్టిది, ఇల్లు ఎట్టిది? భయమును వర్ణించుచున్నాడా, వస్తువుల కదలికను వర్ణించుచున్నాడా? ఆ వారము ఏయే ఊళ్ళ పత్రికలు దొరకినవి, ఏవి దొరకలేదు? ఈ అయిదింటికి సమాధానము వ్రాసిన పిమ్మటనే తీవ్రతకు అంకె వేయవలెను. సమాధానము లేనిచో అంకె వేయక, వృత్తాంతమును ఉన్నదున్నట్లుగా ప్రకటించుట మేలు. వృత్తాంతమును ముందుతరము మరల చదువగలదు. ఆధారము చెప్పక వేసిన అంకెను ఎవ్వరును మరల విచారింపజాలరు.

కాలము మనకొఱకు ఆగదు. గుడ్డపేలికలతో చేసిన పూర్వపు కాగితముకంటె కలపగుజ్జుతో చేసిన తరువాతి పత్రికాకాగితము త్వరగా పసుపుబారి పొడియగును. 1902లో బయలుదేరిన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో పుట్టి 1914లో మద్రాసున దినపత్రికయైన ఆంధ్రపత్రిక మున్నగువాని సంచికలు ఇట్టి కాగితముపైననే ఉన్నవి. పాత పత్రికల భాండారముగా పేరుగన్న వేటపాలెపు సారస్వత నికేతనము ఒంగోలుకు చేరువనే ఉన్నది. భూమి కదలిన చోటునకు అంత దగ్గఱగా, భూమి కదలికలను గూర్చిన సాక్ష్యమును దాచుకొనగల గ్రంథాలయము ఉండుట మన భాగ్యము. ఆ బీరువాలు తెఱచి, సంచిక సంచికను త్రిప్పి, నాలుగు పంక్తుల స్థానిక వార్తను సైతము విడువక ఎత్తి వ్రాసి, తేదీతో, ఊరితో, మూలపదములతో పట్టిక కట్టు పని ఒక్కని వలన కానిది. తెలుగు, చరిత్ర, భూవిజ్ఞాన శాఖల విద్యార్థులు కలిసి పూనుకొనినచో కొలది సంవత్సరములలో సాధ్యమగును. మా శాఖకు ఇది దూరమైన పనియని ఎవరైన అందురేమో. ప్రాచీన గ్రంథములందలి పాఠభేదమున ఒక అక్షరమునకై ఏండ్లు వెచ్చించుటకు మనము వెనుదీయము. ఎందఱో ప్రాణములకు సంబంధించిన పాఠమును పరిష్కరించుటకు ఆ శ్రద్ధలో కొంత వినియోగింపుడని కోరుట అధికము కాదని మా విశ్వాసము.